హాల్లో కంప్యూటరు

“ఇందులోకి బియ్యం ఎలా వచ్చాయండీ?”

కంప్యూటర్లు బాగుచేసే విల్సన్ మా హాల్లో గచ్చు మీద కూర్చుని అడిగిన మాట అది.

పాత దుప్పటి పరిచి, కంప్యూటరు డబ్బాని దాని మీద పడుకోబెట్టి, పక్క రేకు ఊడదీశాడతను. రేకు లేవగానే జల్లుమని బియ్యం రాలాయి. దుప్పటి మీద కొన్ని, గచ్చు మీద కొన్ని. ఫ్యాను రెక్కల్లో ఇరుక్కున్నవి ఇరుక్కున్నట్టే ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒక ముక్కుపురుగు తీరిగ్గా నడుచుకుంటూ బయటికి వచ్చింది.

మా వారు పడక కుర్చీలోంచి లేవలేదు. చేతిలో పేపరు కూడా దించలేదు.

“మాస్టారూ, మిమ్మల్నేనండీ. ఇవి బియ్యమేనా?” అన్నాడు విల్సన్ మళ్ళీ, ఒక గింజని రెండు వేళ్ళతో పట్టుకుని.

“బియ్యం కాక ముత్యాలా?” అన్నారాయన.

హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు గానీ, సూర్యప్రకాశరావు గారంటే బందరులో అందరికీ మాస్టారే. ఆయనా కాదనరు.

మా అమ్మాయి సింధూర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

“చెప్పు నాన్నా. తుఫాను రోజు కప్పు కారి ఇది తడిసిపోతే, బియ్యం డ్రమ్ములో పాతిపెట్టానని ఆయనకి చెప్పు.”

“ఫోను తడిస్తే లోకమంతా అదే చేస్తోంది. ఫోనుకి పనిచేసింది దీనికెందుకు చెయ్యదే?”

“ఫోనుకి ఇన్ని కంతలుండవండీ,” అన్నాడు విల్సన్ తలెత్తకుండా.

“పోనీ బయటికి తీశాక దులిపావా? దులపకుండా ప్లగ్గు పెట్టేశావు. ఢామ్మంది,” అంది సింధూర.

“నేను పెట్టకపోతే నువ్వు పెట్టేదానివి. తొందర నీకేగా, కొంప మునిగినట్టు!”

ఆ ఢామ్మన్న చప్పుడు నా చెవుల్లో ఇంకా అలాగే ఉంది. అప్పుడు ఆయన చెయ్యి స్విచ్చి మీదే ఉంది. కంప్యూటరు పోతే పోయింది, మనిషికేమన్నా అయి ఉంటే? ఇంకో భయం కూడా ఉంది, అది ఎవరితోనూ అనలేదు. పెదపారుపూడి నుంచి మా తమ్ముడు పంపిన ఆ డ్రమ్ములో బియ్యమే రోజూ వండుతున్నాను. వాటికి ఏ కరెంటు విషమన్నా పట్టిందేమోనని కడిగిందే కడుగుతున్నాను. పైకి అంటే ఇద్దరూ కలిసి నన్ను వెక్కిరిస్తారు. ఈ మధ్య వాళ్ళిద్దరూ కలిసేది అందుకొక్కదానికే.

“షాపుకి పట్టుకెళ్ళి చూడాలండీ,” అన్నాడు విల్సన్. “కరెంటు సప్లై చేసే పెట్టె ఒక్కటే పోయిందా, బోర్డు కూడా పోయిందా ఇక్కడ తెలీదు. పెట్టె అయితే మార్చేస్తాను. బోర్డే పోతే మాత్రం ఈ పాత మోడలుకి ఎక్కడా దొరకదు. కొత్తది కొనుక్కోవడమే.”

“నేను కొత్తది కొనుక్కుంటాను,” అంది సింధూర వెంటనే. “ల్యాప్‌టాప్. నా జీతంలోంచే. మీరెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు.”

“నీ జీతం సంగతి ఎవరడిగారిక్కడ?”

“మరి ఏమిటి నీ అభ్యంతరం?”

“ల్యాప్‌టాప్ అంటే ఏమిటే? మూత ఉన్న పలక. మనిషి రాగానే టప్పుమని మూసెయ్యడం, చంకన పెట్టుకుని ఎక్కడికంటే అక్కడికి పోవడం. ఇది అలా కాదు. బల్ల మీద ఉంటుంది. ఎటూ పోదు.”

“నన్నూ ఎటూ పోకుండా దానికి కట్టేశారుగా!”

పేపరు దిగింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. కోపం మితిమీరినప్పుడే ఆయన గొంతు తగ్గిస్తారు.

“చూడు సింధూ. బాగవదని విల్సన్ నోటితో చెప్పాడనుకో, నువ్వు కొత్తదే కొనుక్కో. నీ గదిలో కూర్చుంటావో, గోడెక్కి కూర్చుంటావో నీ ఇష్టం, నేను అడగను. బాగవుతుందన్నాడా, అది ఇక్కడికే వస్తుంది. ఈ బల్ల మీదికే. నా కళ్ళముందుకే. మాటంటే మాటే.”

“మాటేగా?”

“సూర్యప్రకాశరావు మాట.”

విల్సన్ రేకు బిగిస్తూ ఒక్క క్షణం ఆగాడు. ఇంటి తగువులో తన పేరు వచ్చినందుకు ఇబ్బంది పడ్డట్టున్నాడు. డబ్బాని బండి మీద కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళిపోయాడు. బండి సందు మలుపు తిరిగేదాకా సింధూర అటే చూస్తూ నిలబడింది.

నేను మాత్రం మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ‘సుబ్రహ్మణ్యస్వామీ, ఆ డబ్బాని బాగుచేయించు తండ్రీ. మోపిదేవి వచ్చి పాలు పోస్తాను.’

ఆ పూట భోజనాల దగ్గర మజ్జిగ కావాలని ఆయన నన్ను అడిగారు. గిన్నె సింధూర పక్కనే ఉంది. అయినా నన్నే అడిగారు. సింధూర గిన్నె జరిపింది. ఆయన అందుకోలేదు. లేచి వెళ్ళి నేనే పోశాను.

సాయంత్రం పక్కింటి నరసింహారావు గారు పలకరించడానికి వచ్చారు. మా వారికి పొద్దున్న వాకింగులో తోడు ఆయనే. కుర్చీ లాక్కుని, ఖాళీ బల్ల వంక చూసి, చావింటికి వచ్చినట్టు నిట్టూర్చారు.

“ఏమ్మా సింధూరా, సిస్టం పోయిందటగా.”

“అవును బాబాయిగారూ.”

“అయ్యో. మరి ఆ టెక్సాసు ఆయన సంగతి ఏం తేలింది?”

“ఏ టెక్సాసు ఆయన?”

“అదేనమ్మా, షుగరు ముదిరి కాలు తీసెయ్యాలన్నారే డాక్టర్లు. తీసేశారా, ఉంచారా? మా ఆవిడ కూడా పొద్దున్నే అడిగింది.”

సింధూర మొహం తెల్లబోయింది.

ఈ పిల్ల చేసే పని అదే. అమెరికా ఆసుపత్రుల్లో రోగుల కాగితాలు ఈ కంప్యూటరులోకి వస్తాయి. అవన్నీ చదివి ఏ జబ్బుకి ఏ కోడు వెయ్యాలో వేస్తుంది. మెడికల్ కోడింగ్ అంటారు. హైదరాబాదులో చిన్న కంపెనీ. ఇంట్లోంచి చేసుకోవచ్చు గానీ కంప్యూటరు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

“మీకెవరు చెప్పారు బాబాయిగారూ?” అంది మెల్లిగా.

“ఎవరేమిటి, మీ నాన్నే. రోజూ చెప్తాడుగా. మొన్నెవరో ముసలావిడ, పాపం, కన్నకొడుకునే పోల్చుకోలేకపోతోందట. వినలేకపోయాననుకో.”

“నేను పేర్లు చెప్పలేదు,” అన్నారు మా వారు హడావుడిగా. “జబ్బులే చెప్పాను.”

సింధూర లేచి వంటింట్లోకి వచ్చేసింది. నేను కాఫీ కలుపుతున్నాను. నా వెనక నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి వదలడం వినపడింది.

“సంతకం పెట్టానమ్మా,” అంది. “ఆ కాగితాలు నేను తప్ప ఇంకొకళ్ళు చూడకూడదని.”

“ఇంట్లోవాళ్ళు కూడానా?”

“ఇంట్లోవాళ్ళు కూడా.”

“నాన్నకి చెప్పకపోయావా?”

“ఎన్నిసార్లు చెప్పను? ‘అమెరికావాడు బందరు వచ్చి చూస్తాడా’ అంటాడు. మొన్న వీడియో కాల్లో మా టీం లీడ్ దీప్తి గారికి నా వెనకాల నాన్న తల కనపడింది. కళ్ళజోడు సర్దుకుని మరీ చదువుతున్నాడు. ఆవిడ మంచిది కాబట్టి హెచ్చరించి వదిలేసింది. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదు. ఇక ఇంకే కంపెనీ తీసుకోదు నన్ను.”

కాఫీ పొంగింది. స్టవ్ ఆపాను.

“నాకు తలుపున్న గది కావాలమ్మా. అంతే.”

“నీ గదుందిగా.”

“దానికి గడియ ఏదీ?”

నేను కాఫీ గ్లాసుల్లో పోశాను.

ఆమధ్య హైదరాబాదు హాస్టల్లో ఉన్నప్పుడు ఈ పిల్ల జ్వరంతో స్పృహ తప్పి పడిపోయింది. గదికి లోపల గడియ. పక్క గది అమ్మాయిలు పనుల్లోకి వెళ్ళిపోయారు. నేను ఫోను చేస్తూనే ఉన్నాను, అది మోగుతూనే ఉంది. చివరికి హాస్టలు వాళ్ళు తలుపు పగలగొట్టి ఆసుపత్రికి చేర్చారు. బందరు నుంచి మేం వెళ్ళేదాకా దారిపొడుగునా నేను ఏమేం ఊహించుకున్నానో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తీసుకొచ్చిన వారంలోనే వడ్రంగిని పిలిచి దాని గది తలుపుకి గడియ పీకించేశాను. కంప్యూటరు కూడా హాల్లోనే ఉండాలన్నాను. నేను అన్నాకే ఆయన అన్నారు. ఆయన అనేది అందరికీ వినపడుతుంది కాబట్టి తప్పంతా ఆయన మీదికి పోయింది.

“గడియ లేకపోతే ఏం? తలుపు దగ్గరగా వేసుకో,” అన్నాను చివరికి.

“నువ్వు గంటకోసారి తోసి చూస్తావు.”

“చూస్తే తప్పా? నీళ్ళు కావాలేమోనని చూస్తాను.”

“బతికున్నానా లేదా అని చూస్తావు.”

“సింధూ! ఆ మాటలేమిటే సాయంత్రం పూట!”

“ఆ జ్వరం నాకు ఎప్పుడో తగ్గిందమ్మా. నీకే తగ్గలేదు.”

కాఫీ గ్లాసు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. హాల్లోంచి నరసింహారావు గారి గొంతు వినపడుతోంది. “పిల్లకి కోపం వచ్చినట్టుందిరా. నేనేమన్నా అనకూడనిది అన్నానా?”

“నువ్వెప్పుడు అనదగ్గది అన్నావు గనక!” అన్నారు మా వారు.

ఆ తర్వాత విల్సన్ దగ్గర్నుంచి ఫోను రాలేదు. పొద్దున్న రాలేదు, మధ్యాహ్నం రాలేదు. మర్నాడూ లేదు. ఆయన కుర్చీలో కూర్చుని ఫోనుకేసి చూస్తారు. సింధూర ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. నాకు రెండు రకాలుగానూ భయమే. బాగైందంటే ఇంట్లో యుద్ధం. బాగవలేదంటే ఆ పిల్ల చేతికి మూతున్న పలక వస్తుంది, గది తలుపు మూసుకుంటుంది, ఇంక దాని మొహం నాకు ఎప్పుడు కనపడుతుందో. ఎటు తిప్పి చూసినా బాగవడమే మేలనిపించింది. యుద్ధమైతే అరుపులు వినపడతాయి. మనుషులున్నారని తెలుస్తుంది.

ఇక ఉండబట్టలేక కూరల సంచీ పట్టుకుని బయల్దేరాను. ఈడేపల్లి నుంచి కోనేరు సెంటరు దాకా ఆటోలో వెళ్ళాను. విల్సన్ కొట్టు సన్నగా, రైలుపెట్టెలా ఉంటుంది. మూలమూలలా తెరిచిన డబ్బాలు, వైర్లు. ఈ ఊరి ఉప్పుగాలికి రేకులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

బల్ల మీద మా డబ్బా ఉంది. దానికి తగిలించిన తెర వెలుగుతోంది. మంగినపూడి సముద్రం దగ్గర మేం ముగ్గురం దిగిన ఫొటో, చక్కగా, ఏమీ జరగనట్టు కనపడుతోంది.

నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. “బాగైపోయిందా నాయనా!”

విల్సన్ లేచి నిలబడ్డాడు. సంతోషం ఏమీ కనపడలేదు అతని మొహంలో.

“కూర్చోండి పిన్నిగారూ.”

“కూర్చోవడానికేముంది, ఎంతయిందో చెప్పు, ఆటో ఎక్కించెయ్.”

“సప్లై పెట్టె ఒక్కటే పోయిందండీ. మార్చేశాను. బియ్యం ఏరడానికే ఎక్కువసేపు పట్టింది. బోర్డుకేమీ కాలేదు. ఇంకొన్నేళ్ళు బానే నడుస్తుంది.”

“మరి ఫోను చెయ్యలేదేం? ఆయన అక్కడ గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు.”

అతను స్టూలు నా వైపు జరిపి, తను నిలబడే ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“నిన్న అమ్మాయిగారొచ్చారండీ.”

“ఏ అమ్మాయిగారు?”

“మీ సింధూర గారే. అప్పటికి నేను ఇంకా తెరవనే లేదు. బాగైనా సరే, బాగవదని మాస్టారికి చెప్పమన్నారు.”

నేను విన్నది సరిగ్గానే విన్నానా అని అతని మొహంలోకి చూశాను. తల దించేసుకున్నాడు.

“కుదరదన్నానండీ. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాణ్ణి నేను. చేసిన పనిని చెయ్యలేదని ఎలా చెప్పను? అన్నాను. అప్పుడు ఏడ్చారు పిన్నిగారూ. ఇదిగో, ఈ స్టూలు మీదే. గొంతు బయటికి రాకుండా ఏడ్చారు. నాకూ చెల్లెళ్ళున్నారు. నాకేం చెయ్యాలో తోచలేదు.”

నాకు ముందు కోపం వచ్చింది. నా కూతురు బజార్లో, పరాయివాడి కొట్లో కూర్చుని ఏడవడమా? ఎవరైనా చూసుంటే? ఎవరో ఒకరు చూసే ఉంటారు. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఒకటి తట్టింది. ఇంట్లో ఏడవలేదు. నా దగ్గర ఏడవలేదు. తుఫానుకి ముందూ తర్వాతా కూడా నేను దాని కంట నీరు చూడలేదు. కళ్ళముందే పెట్టుకున్నాననుకున్నాను.

“నిజం చెప్తే ఆ పిల్ల మొహం గుర్తొస్తోంది,” అన్నాడు విల్సన్. “చెప్పకపోతే నా మనసొప్పట్లేదు. అందుకే ఎవరికీ ఫోను చెయ్యకుండా ఊరుకున్నాను. మీ ఇంట్లో మీరొక మాట అనుకుని చెప్పండి. ఈ బరువు నా మీద పెట్టకండి.”

“నేను మాట్లాడతాలే. అప్పటిదాకా ఎవరితో ఏమీ అనకు,” అని లేచాను.

కూరలు కొనాలని గుర్తే రాలేదు. దారంతా కూతుర్ని ఎలా నిలదియ్యాలో మాటలు కూర్చుకున్నాను. ఎంత ధైర్యమే నీకు, తండ్రిని మోసం చెయ్యమని ఊళ్ళోవాళ్ళని అడుగుతావా, ఇంకేం దాస్తున్నావు మా దగ్గర. ఇల్లు దగ్గరపడే కొద్దీ ఒక్కొక్క మాటా జారిపోయింది.

దొడ్డివైపు నుంచి ఇంట్లోకి వెళ్దామని అటు తిరిగాను. గోడ అవతల సింధూర గొంతు వినపడి ఆగాను.

బట్టలుతికే బండ మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది. ఒళ్ళో కాగితం, పెన్ను. తల పైన తాడు మీద ఆరేసిన దుప్పటి గాలికి వచ్చి మొహానికి తగులుతుంటే ఒక చేత్తో తోసుకుంటోంది.

“లేదు దీప్తి గారూ, ఇకమీదట హాల్లో కాదు. సిస్టం మారగానే తలుపున్న గదిలో కూర్చుంటాను, వీడియోలో మీకు చూపిస్తాను. ఒక్క అవకాశం ఇవ్వండి... నిజమేనండీ, నాకూ తెలుసు... అది కుదరకపోతే ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకే వచ్చేస్తాను. హాస్టలా? చూసుకుంటానండీ. పాత హాస్టలైనా సరే.”

నేను గోడ పట్టుకున్నాను.

“ఎవరే ఫోన్లో?” అని హాల్లోంచి ఆయన కేక. “లోపలికొచ్చి మాట్లాడు. ఆ దొడ్లో నీకేం పని?”

సింధూర ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత మామూలు గొంతుతో, “వస్తున్నా నాన్నా,” అంది.

ఆ మామూలు గొంతే నన్ను భయపెట్టింది. ఇన్నాళ్ళూ అది బానే ఉందని నేను నమ్మింది ఆ గొంతు వినే.

గోడ ఇవతలే నిలబడి లెక్క వేసుకున్నాను. గొప్పగా ఏమీ ఆలోచించలేదు. డబ్బా ఇంటికొస్తే పిల్ల హైదరాబాదు పోతుంది. ఆ హాస్టలు, ఆ గది, ఆ తలుపు. డబ్బా రాకపోతే ఇక్కడే ఉంటుంది. తలుపు మూసుకుంటుంది, మూసుకోనీ. మూసినా మన ఇంటి తలుపే. చెవి ఆనిస్తే వినపడుతుంది.

దొడ్డివైపు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి వీధిగుమ్మంలోంచే వెళ్ళాను.

ఆయన ఖాళీ బల్లకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. నా చేతిలో సంచీ చూశారు.

“ఖాళీ సంచీతో వచ్చావేం? కూరలేవీ?”

“కూరలకి వెళ్ళలేదండి. విల్సన్ కొట్టుకి వెళ్ళాను.”

కుర్చీలో ముందుకి జరిగారు. “ఏమన్నాడు?”

అప్పుడే సింధూర దొడ్లోంచి వచ్చి వంటింటి గుమ్మంలో ఆగింది. దానివైపు నేను చూడలేదు. చూస్తే ఆ మాట నా నోట్లోంచి రాదు.

“బాగవదటండి.”

ఆయన అరుస్తారనుకున్నాను. విల్సన్‌ని తిడతారనుకున్నాను. ఆయన బల్లకేసి చూశారు. కంప్యూటరు ఉన్నంత మేరా చెక్క రంగు వెలిసిపోకుండా కొత్తగా మెరుస్తోంది.

“బియ్యం వల్లేనన్నాడా?” అన్నారు చివరికి.

అది నేను ఊహించలేదు. వందరకాల ఆపదలు ఊహించే నాకు అది తట్టలేదు.

“అలా ఏమీ అనలేదండి.”

“అనకపోయినా అంతేగా. తడిస్తే ఎండలో పెడితే సరిపోయేది. నాకు తెలుసన్నట్టు... చుట్టుపక్కల అందరికీ కూడా చెప్పుకున్నాను, బియ్యంలో పెట్టాను, చూడండి ఎలా పనిచేస్తుందో అని.” చిన్నగా నవ్వబోయారు. నవ్వు రాలేదు. “మూడు జీతాలు దాచి కొన్నానే దాన్ని. సింధు ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైందని.”

“నాన్నా,” అంది సింధూర గుమ్మంలోంచి.

“ఏం లేదులే. మాటంటే మాటే. కొనుక్కో.” ఆయన దానికేసి చూడకుండానే అన్నారు. “నీ గదిలోనే కూర్చో.”

దేనికోసం అది కొట్టుకెళ్ళి ఏడ్చిందో అది దొరికింది. దాని మొహంలో మాత్రం దొరికినట్టు లేదు.

ఆయన లేచారు. వంకీకి తగిలించిన చొక్కా తీసుకుని తొడుక్కున్నారు. పై గుండీ తప్పు కన్నంలో పెట్టారు.

“ఎక్కడికండీ?”

“విల్సన్ దగ్గరికి. ఆ డబ్బా తెచ్చేస్తాను.”

“పనికిరానిది ఇప్పుడెందుకండీ? ఎండగా ఉంది. రేపెళ్ళచ్చు.”

“వాడొక్కడేనా మెకానిక్కు? గుడివాడలో ఎవరో ఉన్నాడని నరసింహారావు అన్నాడు. బస్సులో పట్టుకెళ్తాను. నా చేత్తో పోగొట్టిందాన్ని నా చేత్తోనే బాగుచేయించాలి. అది కొత్తది కొనుక్కుంటే కొనుక్కోనీ, నేను అడ్డం చెప్పను. ఇది మాత్రం చెత్తలోకి పోవడానికి వీల్లేదు.”

“ఏమండీ...”

స్కూటరు స్టార్టయింది. సందులోంచి చప్పుడు దూరమైపోయింది.

సింధూర గుమ్మం దిగి నా దగ్గరికి వచ్చింది. ఇంత దగ్గరగా నిలబడి చాలా రోజులైంది.

“విల్సన్ గారేమన్నారు నీతో?”

“నిజమే చెప్పాడు.”

“అంతా చెప్పాడా?”

“ఏడ్చావని కూడా చెప్పాడు.”

“మరి నాన్నతో ఎందుకలా చెప్పావమ్మా?”

“ముందు విల్సన్‌కి ఫోను చెయ్యవే. తర్వాత అడుగుదువుగాని. ఆయన అక్కడికి చేరేలోపల చెయ్యి.”

నంబరు నొక్కింది. ఎంగేజ్. మళ్ళీ నొక్కింది. ఎంగేజ్. స్కూటరు ఇప్పుడు ఏ మలుపులో ఉంటుందో నాకు కనపడుతూనే ఉంది. తప్పు గుండీ పెట్టుకున్న మనిషి, మనసు ఎక్కడో పెట్టుకుని బండి నడుపుతున్న మనిషి. ఎదురుగా ఏ లారీ వస్తుందో. భగవంతుడా, ఆయన్ని క్షేమంగా చేర్చు. కానీ ఆలస్యంగా చేర్చు.

ఈసారి మోగింది. సింధూర మాట్లాడలేదు. ఫోను నా చేతిలో పెట్టింది.

“పిన్నిగారూ మీరేనా?” విల్సన్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. “మాస్టారొచ్చారండీ. బయట బండి స్టాండు వేస్తున్నారు. మీ సిస్టం ఎదురుగా బల్ల మీద ఆన్‌లోనే ఉంది. ఉంచమంటారా, ఆపమంటారా? తొందరగా చెప్పండి.”

వాక్యం చదివే మనిషి. బరువు నా మీద పెట్టకండి అన్న మనిషి. సింధూర నా మోచెయ్యి పట్టుకుంది.

“ఆపెయ్ నాయనా,” అన్నాను.

అవతల ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. విల్సన్ జవాబు చెప్పలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు. తర్వాత దూరంగా, ఈ మధ్య కాలంలో నేను వినని సంతోషంతో, మా వారి గొంతు వినపడింది.

“ఓరి విల్సనూ! వెలుగుతోందిరా! అది మాదేనా?”